అడగకూడని రెమ్మ

సామ్రాజ్యాలు కూలడానికి శత్రువులు కావాలి. ఎల్నా ఫ్రిసెల్‌గారి క్రిస్మస్ జెముడు కూలడానికి మాత్రం భర్త ఒక్కడే సరిపోయాడు.

అది సామాన్యమైన మొక్క కాదు. ఎల్నా అమ్మమ్మ పెళ్ళినాటికే కుండీలో కుదురుకుని ఉన్నదట. రెండు యుద్ధాలను, ఎన్నో ఇళ్ళ మార్పులను, కుండీలో పడుకోవడం తన జన్మహక్కని నమ్మిన ఒక పిల్లిని దాటుకుని వచ్చింది. జెముడే గాని ముళ్ళు లేని జాతి. గుండ్రటి అంచుల పలచని కణుపులు ఒకదాని కొసను ఒకటి పట్టుకుని, గొలుసులు గొలుసులుగా నలువైపులా జాలువారేవి. సూర్యుడు మధ్యాహ్నం మూడు కొట్టకముందే కచేరీ మూసుకుని వెళ్ళిపోయే డిసెంబరులో, ఆ ఉత్తరదేశపు యెవ్లె రేవుపట్టణం మొత్తం తడిసిన బొగ్గు రంగులో ఉన్నప్పుడు, ఆ గొలుసుల చివర ఒక్కొక్కచోటా ఒక్కొక్క గులాబీరంగు పట్టు దీపం తలకిందులుగా వెలిగేది. పండుగ ఇంకెంత దూరముందో ఊరి పెద్దలు ఆ కిటికీ చూసి తెలుసుకునేవారని ఎల్నా భర్త ఆల్గట్ నమ్మకం. పెద్దలను ఎవరూ అడగలేదు.

ఆల్గట్ ఫ్రిసెల్ రేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విరమించినవాడు. ఓడ అడుగున ఎన్ని పలకల కింద దాచినా సారా సీసాను గడపలోనుంచే పసిగట్టగలడని పేరు. అంతటివాడికీ మొక్కల గురించి తెలిసినది ఒక్కటే: అవి నీళ్ళు తాగుతాయి. ఎల్నా మాత్రం చెంచాతో కొలిచి పోసేది. శరత్తు ప్రవేశించగానే ఆ కుండీని చల్లని వెనకగదిలో పెట్టి, దాదాపు మరచిపోయినట్టు నటించేది. "కాస్త ఉపోషం ఉంచితేనే దానికి పూలు గుర్తొస్తాయి" అనేది. ఆమె పోయాక, మరచిపోయినట్టు నటించే విద్య ఆల్గట్‌కు పట్టుబడలేదు. పొద్దున్నే లేచాక ఎవరితోనైనా నాలుగు మాటలు అనాలనిపించేది. అనడానికి మనిషి లేక, చెంబు పుచ్చుకుని కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. దుఃఖానికి కొలత లేదు గనక నీళ్ళకూ లేకుండా పోయింది.

రెండో శరత్తులో కణుపులు మెత్తబడ్డాయి. తరువాత ద్రాక్షసారా రంగుకు తిరిగాయి. ఒక ఉదయం వంశం వంశమంతా కుండీ అంచు మీదికి ఒరిగి ఉంది. ఆల్గట్ రెండు చేతులా పట్టి లేపబోతే మొదలు చేతిలోకి వచ్చేసింది. వేళ్ళుండవలసిన చోట గోధుమరంగు జావ మిగిలింది.

కుండీ కడిగి, తుడిచి, మళ్ళీ కిటికీ గట్టు మీదే పెట్టాడు. వీధిలో పోయేవారికి ఖాళీ కుండీ కనబడకుండా తెర సగానికి లాగాడు. ఆ ఊళ్ళో పగటిపూట తెర సగం మూసి ఉన్నదంటే ఇంట్లో శవమైనా ఉండాలి, సిగ్గుపడవలసిన సంగతైనా ఉండాలి. ఆయన లెక్కకు రెండూ ఉన్నాయి.

ఈ సంగతి ఆయన చెప్పుకున్నది ఒక్క హిల్డింగ్‌కే. హిల్డింగ్ ఒకప్పుడు ఆయన కింద రేవు కాపలాదారు. ఇప్పుడు రేవు కాఫీ హోటల్లో ఒక బల్లకు కాపలా.

"దానికింత దిగులెందుకయ్యా! పూలకొట్టుకెళ్ళి ఇంకోటి కొనుక్కో. వరసగా పెట్టి ఉంచారు."

"అది నవంబరులో పూసే రకం. కణుపుల కొసలు రంపప్పళ్ళలా ఉంటాయి. ఇది గుండ్రటిది. పాతది. ఇప్పుడెవరూ అమ్మరు."

"మరి కెప్టెనమ్మ దగ్గరుందిగా? మీ ఆవిడ మొక్కకి పుట్టిన పిల్లేగా అది!"

ఉన్నది. నది అవతలి ఒడ్డున, మూడో అంతస్తులో, కెప్టెన్ నూరెల్‌గారి విధవరాలు డాగ్మార్ కిటికీలో ఉన్నది. ఊరందరికీ ఆమె కెప్టెనమ్మ. కెప్టెను పోయి ఎన్నేళ్ళయినా హోదా పోలేదు. పెళ్ళయిన కొత్తలో ఎల్నా ఇంటికి కాఫీకి వచ్చి, ఎల్నా పంచదార తేవడానికి వంటింట్లోకి వెళ్ళి అసాధారణమైన ఆలస్యం చేసిన సమయంలో, డాగ్మార్ మూడు కణుపుల రెమ్మ తుంచి చేతిసంచీలో వేసుకుంది. ఆ తరువాత ప్రతి క్రిస్మస్‌కూ ఎల్నా ఆమె ఇంటికి వెళ్ళి, ఆ పూల ముందు నిలబడి, "ఎంత బావుందే! ఎక్కడ దొరికిందే నీకు?" అని ఆశ్చర్యపోయేది. "ఏమోనే, ఎక్కడో" అనేది డాగ్మార్. ఆ స్నేహంలో ఇంతకన్నా గొప్ప ముచ్చట మరొకటి ఆల్గట్‌కు తెలియదు.

"రేపే వెళ్ళి అడుగుతాను," అన్నాడు ఆల్గట్.

హిల్డింగ్ కప్పు కింద పెట్టేశాడు. "అడుగుతావా? మతి ఉండే మాట్లాడుతున్నావా? అడిగితే ఇస్తుంది. ఇస్తే నువ్వు థాంక్స్ చెప్పాలి. చెప్పావో, చస్తుంది."

"ఎవరు?"

"మొక్కయ్యా!"

"చెప్పకుండా తెచ్చుకుంటే?"

"అప్పుడు మొక్క బతుకుతుంది. నువ్వే చస్తావు, ఊళ్ళో తలెత్తుకోలేక."

ఇందులో అతిశయోక్తి లేదు. ఆ దేశస్థులు తిన్న తిండికి థాంక్స్ చెబుతారు, తాగిన కాఫీకి చెబుతారు, పోయినసారి కలిసినందుకు ఈసారి కలిసినప్పుడు చెబుతారు, చెప్పిన థాంక్స్‌కు మరో థాంక్స్ బదులు తీరుస్తారు. ఇంతటి కృతజ్ఞతా సముద్రంలో ఒకే ఒక్క ఎండు దీవి ఉంది: మొక్క. మొక్క పుచ్చుకుని థాంక్స్ అన్నవాడి చేతిలో అది వేరు పట్టదు. కనక అడగడం, ఇవ్వడం, పుచ్చుకోవడం అనే మూడు మార్గాలూ మూసుకుపోయి, మర్యాదస్థులకు దొంగతనం ఒక్కటే రాజమార్గంగా మిగిలింది. ఇంటావిడ ఏదో తెచ్చే నెపంతో గదిలోనుంచి వెళ్ళడం, వచ్చినవారు తుంచుకోవడం, ఆవిడ తిరిగివచ్చి ఏమీ చూడకపోవడం. ఇది అక్కడి ధర్మశాస్త్రం. ఎక్కడా రాసి లేదు గనక ఎవరూ తప్పరు.

"అన్నేళ్ళు దొంగల్ని పట్టావు," అన్నాడు హిల్డింగ్ పళ్ళికిలించి. "ఒక్కసారి అటువైపు నిలబడి చూడు. గాలి బావుంటుంది."

అయితే దొంగతనానికైనా ముందు ఆ ఇంట్లోకి ప్రవేశించాలి. ఎల్నా అంత్యక్రియల నాడు చర్చి మెట్ల మీద కెప్టెనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని "ఎప్పుడైనా ఇటువైపు రండి" అన్నది. తేదీ లేని పిలుపు ఆ ఊళ్ళో పిలుపు కాదు. వీడ్కోలుకు వేసిన చక్కని ముసుగు. పోనీ ఆవిడ వస్తుందేమోనని ఆయన మొదటి ఏడాది కొంత ఎదురుచూశాడు. ఆవిడా అట్లాగే ఎదురుచూసి ఉంటుందన్న ఊహ ఆయనకు తట్టలేదు. ఇప్పుడు ఇంట్లో వెదకగా వెదకగా ఒక సాకు దొరికింది. ఆ దుఃఖపు రోజుల్లో చేపలు వండి ఆవిడ తెచ్చి ఇచ్చిన పింగాణీ గిన్నె! దానిని కడిగి, కాగితంలో చుట్టి, నవంబరులో ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆల్గట్ కెప్టెనమ్మ గంట నొక్కాడు.

తలుపు తీసిన డాగ్మార్ పొడగరి. ఇంట్లో నడిచినా ఓడ డెక్కు మీద నడిచినట్టే నడుస్తుంది.

"ఇన్‌స్పెక్టరుగారా! రండి, రండి. గిన్నె పోయిందని పోలీసులకి చెబుదామనుకుంటున్నాను."

"ఆలస్యమైంది, కెప్టెనమ్మగారూ."

"అదేం ఆలస్యం! ఇంకో ఏడాది ఆగుంటే చట్టప్రకారం మీదే అయ్యుండును. బూట్లు అక్కడ విప్పండి. కాఫీ పొయ్యి మీదే ఉంది."

కాఫీతో బిస్కట్లు వచ్చాయి. రకానికొకటి తినకపోతే అమర్యాద, రెండు తింటే ఆబ. ఆల్గట్ వరుసక్రమంలో తింటూ కిటికీవైపు చూడకూడదని నిశ్చయించుకుని, కిటికీ తప్ప మరేమీ చూడలేదు. అక్కడ తెల్లని కుండీలో అది ఉంది. అవే గుండ్రటి కణుపులు, అదే వంపు. ఎల్నా ఒక్క కణుపూ రాలకుండా చూసుకుంటూ ఆకులు తుడిచే దృశ్యం కళ్ళకు కట్టి, బిస్కట్ల వరుస తప్పింది.

డాగ్మార్ ఆయన చూపు పోయిన దారినే తన చూపునూ పోనిచ్చింది.

"ఎల్నా మొక్క..." అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆపేసింది. లేచి నిలబడింది. "క్రీము అయిపోయినట్టుంది. వెతకాలి. ఎక్కడ పెట్టానో ఏమిటో. చాలాసేపు పడుతుంది."

చాలాసేపు అన్న మాటను తాళంచెవి అందించినట్టు అందించి వెళ్ళిపోయింది. వంటింటి తలుపు మూసుకుంది. లోపలినుంచి ఏదో కూనిరాగం, అవసరానికి మించిన గొంతుతో.

ఆల్గట్ లేచాడు. కిటికీ చేరాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కణుపు చల్లగా, నిండుగా తగిలింది. కొంచెం మెలితిప్పితే చాలు. కాని ఆ క్షణాన యూనిఫారమంతా, దాని ఇత్తడి గుండీలన్నిటితో సహా, ఆయన చేతిలోకి దిగివచ్చింది. జీవితమంతా ఇతరుల జేబుల్లో చేతులు పెట్టినవాడు తన జేబులో ఒక ఆకు పెట్టుకోలేకపోయాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

డాగ్మార్ క్రీముతో తిరిగివచ్చి, దిగిన సరుకును లెక్కచూసే అధికారిలా మొక్కను ఒక్క చూపు చూసింది. సరుకు చెక్కుచెదరలేదు. ఆమె కనుబొమలు కొంచెం పైకి లేచాయి.

"ఇంకో కప్పు పోస్తాను," అంది. "అది తాగి వచ్చే గురువారం పోయినసారికి థాంక్స్ చెబుదురుగాని."

అట్లా మొదలైంది. పోయినసారికి థాంక్స్ చెప్పడానికి ఈసారి వెళ్ళాలి. ఈసారి తాగిన కాఫీకి వచ్చేసారి చెప్పాలి. మర్యాద అనే చక్రం తనంతట తాను తిరుగుతూ ఆయనను గురువారం గురువారం వంతెన దాటించింది.

డాగ్మార్ కూడా తన వంతు ధర్మాన్ని లోటు లేకుండా నెరవేర్చింది. ఒకసారి జామ్ సీసా కోసం అటక ఎక్కింది. ఒకసారి కింది అంతస్తువాళ్ళను పిండి అడగడానికి వెళ్ళి వాళ్ళతో ఊళ్ళో కబుర్లన్నీ ముగించుకుని వచ్చింది. ఒకసారి ఏకంగా టోపీ పెట్టుకుని వీధిలోకే వెళ్ళిపోయింది. అంతసేపూ ఆల్గట్ ఆ గదిలో ఒంటరిగా, దోచుకోవలసిన నిధికి తానే కాపలాగా కూర్చునేవాడు. గోడగడియారం కొట్టుకునేది. వంటింట్లో గిన్నె చప్పుడయ్యేది. మెట్ల మీద ఎవరివో అడుగులు పైకి వచ్చేవి. తన ఇంట్లోనూ గడియారముంది. అయితే అది కొట్టుకుంటున్నట్టు ఆయన ఎప్పుడూ వినలేదు. మరో మనిషి తిరిగే ఇంట్లో మాత్రమే వినబడే చప్పుళ్ళు కొన్ని ఉంటాయని, అవి వినబడక తన చెవులు ఎండిపోయాయని, మెల్లగా తెలిసివచ్చింది.

డిసెంబరు దగ్గరపడ్డాక ఒక గురువారం ఆయన నిజంగానే తుంచబోయాడు. వేళ్ళు బిగించాడు. యూనిఫారం ఈసారి అడ్డం రాలేదు. చెయ్యి స్థిరంగానే ఉంది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది: ఇది తుంచేస్తే, మరి వచ్చే గురువారం?

వేళ్ళు వదిలేశాడు. ఆ రోజునుంచి ఆయన అసమర్థత అసమర్థత కాదు, అదొక రాజనీతి.

"మొగ్గలు కనబడుతున్నాయి," అన్నాడు డాగ్మార్ రాగానే, ఎవరూ అడగకుండానే. "ఇప్పుడు దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. కదిపినా రాలిపోతాయి."

"అవును, కదపకూడదు," అంది డాగ్మార్, ఆయనను కొంచెం తేరిపార చూసి. కుండీమీద పెన్సిలు గీత చూపించింది. "వెలుతురు వైపు ఏదో మరచిపోకుండా గీసుకుంటాను. మొగ్గ తొడిగాక కుండీ తిప్పానంటే అలుగుతుంది."

"ఎల్నా అగ్గిపుల్ల గుచ్చేది."

"తెలుసు. నాకు నేర్పిందే అది."

పూలు క్రిస్మస్ ముందువారం విచ్చుకున్నాయి. ఆ గురువారం డాగ్మార్ ఏదీ వెదకడానికి వెళ్ళలేదు. పూసిన మొక్కను తుంచమనడం రాణిగారు సింహాసనం మీద ఉండగా కిరీటం అడగడం వంటిదని ఇద్దరికీ తెలుసు. కిటికీలో విద్యుద్దీపాల కొవ్వొత్తి స్తంభం వెలిగించి, కుంకుమపువ్వు బన్నులు పెట్టి, ఆమె కూడా వచ్చి కూర్చుంది. ఇద్దరూ పూలవైపు తిరిగి, పక్కపక్కన, చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"ఎక్కడ దొరికిందే నీకు, అనేది," అంది డాగ్మార్ కాసేపటికి.

ఆల్గట్ నవ్వాడు. నవ్వు అలవాటు తప్పి దగ్గులా వచ్చింది.

పండుగ ముందటి రాత్రికి ఎవరింటికి వెళుతున్నారని ఆమె అడగలేదు. మీరేం చేస్తారని ఆయన అడగలేదు. అడిగితే, ఏమీ లేదని చెప్పవలసివస్తుంది, చెబితే, అవతలివారు పిలవవలసివస్తుంది, పిలిస్తే, బలవంతపెట్టినట్టవుతుంది. ఇంత దూరం ఆలోచించగల నాగరికత గనకనే, ఆ సాయంత్రం నదికి ఆ ఒడ్డున ఒకరు, ఈ ఒడ్డున ఒకరు, ఉప్పుచేప ఒక ముక్క పళ్ళెంలో పెట్టుకుని, రేడియోలో ఒకే పాట విన్నారు.

జనవరిలో పండుగ చెట్టును బయట పారేసే రోజు వచ్చింది. అది గురువారమో కాదో చూడకుండానే డాగ్మార్ కబురు చేసింది: చెట్టు దింపడానికి మనిషి కావాలి. ఆల్గట్ చెట్టును మూడంతస్తులూ దింపి, మెట్లమీద రాలిన సూదాకులన్నీ ఊడ్చి, పైకి వచ్చాడు. క్రిస్మస్ జెముడు పూలు రాల్చుకుని, పని ముగించిన దొరసానిలా విశ్రాంతిగా ఉంది. తుంచడానికి ఇంతకన్నా మంచి అదను లేదు. డాగ్మార్ కాఫీ పోసి, లేచి, "క్రీము..." అని, మళ్ళీ కూర్చుంది.

"ఆల్గట్!"

ఆ నోట తన పేరు వినడం ఆయనకు అదే మొదలు.

"తీస్తావా, తీయవా? ఏదో ఒకటి చెప్పు. ఎన్నిసార్లని వెళ్ళి వంటింట్లో నిలబడాలి నేను? క్రీము వెతుకుతున్నానని గోడకేసి చూస్తూ నిలబడతాను, తెలుసా నీకు? మోకాళ్ళు పోతున్నాయి. కొన్న క్రీమంతా పులిసిపోతోంది. నువ్వేమో తాగవు! కింది వాళ్ళు, ఈవిడకి వారం వారం పిండి ఎందుకో అని చెవులు కొరుక్కుంటున్నారు. ఓ రెమ్మ తుంచడానికి మనిషికి ఇంత కాలం పడుతుందా? ఎల్నా అయితే నేను వెనక్కి తిరిగేలోగా చెట్టంతా పట్టుకుపోయుండేది!"

ఆల్గట్ కప్పును సాసరులో సరిగ్గా మధ్యన పెట్టాడు. పెట్టి, సాసరునే చూస్తూ అన్నాడు:

"తీసేస్తే, మళ్ళీ గురువారం దేనికి రావాలి?"

ఆ తీరంలో ఆడిన మాటల్లో ఇంత నగ్నమైనది పెళ్ళిపీటల మీద కూడా వినబడి ఉండదు. గడియారం కూడా తప్పుకుని దారి ఇచ్చినట్టయింది. డాగ్మార్ మెడనుంచి చెవులదాకా ఎర్రబడింది. తరువాత ఖాళీ పళ్ళెం ఒకటి చేతిలోకి తీసుకుని, అందులో మోయవలసినదేదో ఉన్నట్టు రెండు చేతులా పట్టుకుని, వంటింట్లోకి వెళ్ళింది. ఈసారి కూనిరాగం లేదు.

చాలాసేపటికి అక్కడినుంచే గొంతు వినబడింది. బింకంగా, ప్రకటన చదువుతున్నట్టు.

"పడగ్గది కిటికీలో ఇంకోటుంది. ఈస్టర్ జెముడు. ఎర్ర పూలు. నక్షత్రాల్లా ఉంటాయి. ఈస్టర్‌కి పూస్తుంది. ఎల్నా దగ్గర అది లేదు."

ఆల్గట్ ఆ మాటలను అధికారపత్రం చదివినట్టు చదివాడు. సరుకు: ఈస్టర్ జెముడు. తేదీ: ఈస్టర్. అంటే, ఇప్పటి సంగతి ఇంతటితో ముగించి, ఈస్టర్‌కు రావలసిందని తీర్పు. దయగల తీర్పే. తాను అన్న మాటకు తలుపు చూపించకుండా, ఒక తేదీ చూపించింది. ఇంతకన్నా ఎక్కువ ఆశించడం దురాశ అవుతుంది.

కిటికీ దగ్గరికి వెళ్ళి, మూడు కణుపుల రెమ్మను మెలితిప్పాడు. పుటుక్కుమన్న చప్పుడు తుపాకీ పేలినంత పెద్దగా వినబడింది. సరిగ్గా అప్పుడే వంటింట్లో డాగ్మార్‌కు భయంకరమైన దగ్గు వచ్చింది.

రెమ్మను చేతిరుమాల్లో చుట్టి గుండె జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆయన తల వంచాడు. "కాఫీకి థాంక్స్. బిస్కట్లకి థాంక్స్." అక్కడ నాలుకను బలవంతాన పట్టి ఆపాడు.

డాగ్మార్ తలుపు పట్టుకుని, ఇంకేదో మాట రావలసి ఉన్నట్టు నిలబడింది.

"ఈస్టర్‌కి వస్తాను," అన్నాడు ఆల్గట్.

ఆమె "ఈస్టర్‌కా," అంది. తరువాత, "సరే. ఈస్టర్‌కి," అంది.

రెమ్మ తుంచిన గాయం ఆరేదాకా దాన్ని వంటింటి బల్ల మీద కాగితంపై పడుకోబెట్టాడు. ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాడు. చెంచా ఒకటి ప్రత్యేకించి, దానితోనే నీళ్ళు కొలిచాడు. తెర పూర్తిగా తీశాడు. ఎల్నా కుండీలో మళ్ళీ పచ్చదనం నిలిచింది. కావలసినదంతా దొరికింది. ఇక గురువారాలు మాత్రం మిగతా వారాల్లాగే వచ్చి పోసాగాయి. రేవువైపునుంచి గాలి వీచినప్పుడు కాఫీగింజలు వేయించే మిల్లు వాసన ఊరంతా కమ్ముకునేది. గురువారం మధ్యాహ్నం అది వీస్తే ఆల్గట్ కిటికీ మూసేవాడు.

"ఇంకా వెళ్తున్నావా అవతలొడ్డుకి?" అని అడిగాడు హిల్డింగ్.

"లేదు. పనయిపోయింది."

"అంటే చిక్కిందన్నమాట! శభాష్. మరి మొహమేంటయ్యా, దొరికిపోయిన దొంగలా పెట్టావు?"

మార్చిలో రెమ్మ కొసన ఎర్రని పూసంత మొలక కనబడింది. కొత్త కణుపు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. అవును, కొత్త కణుపే. ఎవరికైనా చెప్పాలని కోటు తొడుక్కుని కాఫీ హోటలుకు వెళ్ళి హిల్డింగ్‌కు చెప్పాడు. హిల్డింగ్ "మంచిదేగా" అని, ఈసారి ఆలస్యంగా కరుగుతున్న నదిమంచు గురించి మాట్లాడాడు. ఈ వార్త విని నిజంగా సంతోషించగల ప్రాణి లోకంలో ఒక్కతే ఉంది. చెబితే థాంక్స్ చెప్పినట్టే గనక, చెప్పకూడనిదీ ఆమె ఒక్కతెకే. ఆల్గట్ మంచు గురించి తనకు తెలిసినదంతా చెప్పి, ఇంటికి వచ్చాడు.

ఈస్టర్ ముందటి గురువారం, సరిగ్గా మూడింటికి, ఆయన గంట నొక్కాడు. డాగ్మార్ తలుపు తీసి, ఒక్క క్షణం ఎవరో పోల్చుకోనట్టు చూసింది.

"ఈస్టర్ వచ్చింది, కెప్టెనమ్మగారూ."

"చూశాను," అంది. ముందు నడుస్తూ, "పడగ్గదిలో ఉంది, రండి. భయపడకండి, తలుపు తీసే ఉంచుతాను."

కిటికీలో ఈస్టర్ జెముడు ఉత్త పచ్చగా నిలబడి ఉంది. ఒక్క పువ్వు లేదు. గట్టు మీద, కుండీ చుట్టూ, ఎండి ముడుచుకుపోయిన ఎర్రని చుక్కలు కొన్ని పడి ఉన్నాయి. వాటిని ఎవరూ ఊడ్చలేదు.

"పూసింది," అంది డాగ్మార్. "పోయిన నెల్లోనే. గది వెచ్చగా ఉంటుందిగా, తొందరపడింది. కొన్నాళ్ళుండి రాలిపోయింది."

"ఈస్టర్‌కి పూస్తుందని అన్నారు."

"మొక్కకి పండగెప్పుడో తెలుస్తుందా, ఇన్‌స్పెక్టరుగారూ? ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను. వచ్చే గురువారం రమ్మనడానికి నోరు రాక, ఆ మాటన్నాను."

ఆల్గట్ ఆ ఎండిన పూలవైపే చూస్తూ ఉండిపోయాడు. జీవితంలో ఎన్నో ఓడల సరుకుపత్రాలు చదివాడు. ఒకదానినైనా ఇంత తప్పుగా చదవలేదు.

"ఫిబ్రవరంతా రెండు కప్పులు పెట్టాను," అంది డాగ్మార్, కిటికీ బయటికి చూస్తూ. "మూడింటికి పెట్టేదాన్ని. చీకటి పడ్డాక రెండోది తొట్లో పారబోసేదాన్ని. మార్చి వచ్చాక ఒకటే పెట్టాను."

కింద వీధిలో ఎవరో రంగురంగుల ఈకలు కట్టిన కొమ్మలు చంకన పెట్టుకుని, పండుగకు ఇంటికి చేరే తొందరలో పోతున్నారు. రేపు గుడ్ ఫ్రైడే. కొట్లు మూస్తారు, హోటళ్ళు మూస్తారు, సినిమాలు మూస్తారు. ఏడాదిమొత్తంలో ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కని రోజు. ఆ ఊళ్ళో పెరిగిన పిల్లలు ఆ రోజంత పొడుగైన రోజు మరొకటి లేదని ఏడుస్తారు. పెద్దయ్యాక ఏడవడం మానేస్తారు.

"రేపు రావచ్చా?" అన్నాడు ఆల్గట్.

"రేపా? రేపెవరూ ఎవరింటికీ వెళ్ళరు."

"తెలుసు."

డాగ్మార్ ఇటు తిరిగింది. "దేనికి?"

ఆయన వెదికాడు. ఇవ్వవలసిన గిన్నె లేదు. దింపవలసిన చెట్టు లేదు. చెప్పవలసిన థాంక్స్ లేదు, ఉన్నా చెప్పడానికి వీల్లేదు. రెండు చేతులూ జేబుల్లోనుంచి తీసి, ఖాళీగా చూపించాడు. వెనకటి రోజుల్లో ఓడ దిగి, సుంకం కట్టవలసిన సరుకేదీ తేలేదంటూ తన ముందు నిలబడిన వందలాదిమంది నోట విన్న మాటే, ఇంతకాలానికి తన నోట వచ్చింది.

"డిక్లేర్ చేయడానికి ఏమీ లేదు."

డాగ్మార్ ఆయనను చాలాసేపు పరిశీలించింది. చేతులు చూసింది, మొహం చూసింది. ఏదైనా దాచాడేమోనన్నట్టు మళ్ళీ మొహం చూసింది.

"మూడింటికి రా, ఆల్గట్," అంది.